చివరి చెంబు నీళ్లు

అమ్మమ్మా,

బాగున్నావా అని అడగాలో లేదో తెలియడం లేదు. అడగకుండా ఉత్తరం మొదలుపెట్టడం మాత్రం నాకు రాదు. నువ్వు వెళ్లిపోయి పద్నాలుగు నెలలైంది. మేం బాగానే ఉన్నాం.

అక్కుపల్లిలో, నీ పెరటి గుమ్మం మీద కూర్చుని రాస్తున్నాను. జీడితోటలు పూతకొచ్చాయి. గాలి అటునుంచి వీస్తే పూత వాసన, సముద్రం వైపు నుంచి వీస్తే ఎండుచేపల వాసన. నీళ్లు కాచే నీ కాగు నా ఎదురుగానే ఉంది, మూడు రాళ్ల పక్కన బోర్లించి. నువ్వు పోయాక దాన్ని ఎవరూ పొయ్యి ఎక్కించలేదు.

ముందు సంతోషమైన కబురు చెబుతాను. పెద్దమావయ్య కూతురు కుమారి వదినకు ఆడపిల్ల పుట్టింది. రేపు పదకొండో రోజు. పురుడు. తల్లికీ బిడ్డకీ ఇన్నాళ్లూ అమ్మే నీళ్లు పోసింది కానీ, రేపటి నీళ్లు మాత్రం నన్ను పోయమంటున్నారు.

నన్ను, అమ్మమ్మా.

వదిన ఏడో నెలలోనే అడిగింది. నీ చెయ్యి నాకు వచ్చి ఉంటుందని దాని నమ్మకం. నేను అవునని గానీ కాదని గానీ అనకుండా లేచి బయటికి వచ్చేశాను. ఎందుకో నీకు తెలుసా? నాకు ఆ హక్కు లేదనిపించింది. నీకు పోయనిదాన్ని ఇంకొకరికి ఎలా పోస్తాను...

మధ్యలో నేను జపాను వెళ్లొచ్చాను. నిజంగానే. నవ్వకు. అక్కడ జరిగింది నీకు చెబితేగానీ రేపటి సంగతి తేలేలా లేదు. అందుకే ఈ ఉత్తరం.

నీకు గుర్తుందా, విశాఖలో కాలేజీ అయ్యాక సాయంత్రం తరగతుల్లో జపనీస్ నేర్చుకుంటున్నానని చెప్పినప్పుడు ఏమన్నావో? "మన మాటలు అయిపోనాయేటే గుంటా, పరాయోల మాటలు నేర్సుకుంతన్నావు?" అన్నావు. అని, ఒక నిమిషం ఆగి, "ఆల మాటల్లో నీల్లని ఏటంటారు?" అని అడిగావు. నీకు ఏ దేశం గురించి చెప్పినా ముందు నీళ్ల గురించే కావాలి.

చన్నీళ్లకు ఒక పేరు, వేడినీళ్లకు ఇంకో పేరు అని చెప్పాను. చన్నీళ్లయితే మిజు, వేడినీళ్లయితే యు. "అదే మరి. రెండూ ఒకటెలగవుతాయి?" అన్నావు. ఆ ఒక్క మాటతో జపాను వాళ్లు నీ దృష్టిలో తెలివైనవాళ్లు అయిపోయారు.

నీ నీళ్లకూ పేర్లుండేవి. కొత్త మాటలు రాసుకునే నా పుస్తకంలో మొదటి పేజీలో ఉన్నవి అవే. బిడ్డ వేడి, బాలింత వేడి, ముసలి వేడి. గోరువెచ్చన, నులివెచ్చన అని పుస్తకాల్లో చదువుకున్నాను గానీ, నీళ్ల వేడికి ఆ నీళ్లు ఎవరి ఒంటి మీద పడతాయో వాళ్ల పేరే పెట్టడం నీ దగ్గర తప్ప ఎక్కడా చూడలేదు. ఆ మాటలు నువ్వే కల్పించావా? మీ అమ్మ చెప్పిందా? అడగాలని చాలాసార్లు అనుకున్నాను...

తాత పోయాక నువ్వు పలాసలో జీడిపిక్కలు కాల్చే పనికి వెళ్లేదానివి. ఆ జీడి రసానికి నీ అరచేతులు నల్లబడి, తోలులా గట్టిపడ్డాయి. పొయ్యిలో నిప్పు చేత్తో తీసి పక్కన పెట్టేదానివి. అందుకే నీళ్లు ఎప్పుడూ మోచేత్తో చూసేదానివి. "అరిసెయ్యి పని సేసి పని సేసి మొద్దుబారిపోద్ది. మోసెయ్యి అబద్దమాడదు." అది కూడా రాసుకున్నాను.

మన వీధిలోనే కాదు, రైతుల ఇళ్లలోనూ, చర్చికి వెళ్లే వాళ్ల ఇళ్లలోనూ బిడ్డ పుడితే నీకే కబురు వచ్చేది. పీట మీద కూర్చుని, కాళ్లు చాపి, బిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టుకునేదానివి. బిడ్డ ఏడిస్తే తల్లిని కసిరేదానివి. "నువ్వెందుకే ఏడుత్తన్నావు, దానికి నీల్లు కొత్త గానీ నీకు కొత్తా?" చివరి చెంబు మాత్రం ఒంటి మీద పోయవు. బిడ్డ తల చుట్టూ మూడుసార్లు తిప్పి పక్కన పారబోసి అనేదానివి: "సేపలాగ ఈదు. సరుగుడు సెట్టులాగ ఎదుగు. నన్ను మర్సిపో."

నన్ను మరిచిపో అంటావేంటని చిన్నప్పుడు నీతో పోట్లాడాను. "నీల్లు పోసినోలని ఎవులైనా గుర్తెట్టుకుంతారేటే? ముక్కులోకి నీల్లెల్తేనో, ఒల్లు సుర్రుమంటేనో గుర్తుంటాది. మర్సిపోనారంటే నాను బాగా పోసినట్టు" అన్నావు.

ఇక నువ్వు వెళ్లిపోయిన ఆ నాలుగు రోజుల సంగతి.

నా జపనీస్ పరీక్ష ఆదివారం. మద్రాసులో. గురువారం అమ్మ హాస్టల్‌కు ఫోన్ చేసి నీకు బాగాలేదని చెప్పింది. పెద్దమావయ్య సెల్‌ఫోన్ నీ చెవి దగ్గర పెట్టారు. "పరీచ్చ రాసేసి రా గుంటా. నానెక్కడికి పోతాను, సెముద్రం ఈదుకుని పోతానా?" అన్నావు. నవ్వాను కూడా. కానీ ఆ గొంతు నేను విన్నాను అమ్మమ్మా. సన్నగా, ఎక్కడో బావి అడుగు నుంచి వస్తున్నట్టుంది. విన్నాను. విని కూడా శుక్రవారం విశాఖ స్టేషన్‌లో పలాస వచ్చే రైలు ఎక్కలేదు. మద్రాసు రైలు ఎక్కాను. రెండూ గంట తేడాలో ఉన్నాయి.

ఆదివారం మధ్యాహ్నం, నేను ఆఖరి పేపరు రాస్తున్న వేళకు, నువ్వు వెళ్లిపోయావు.

సోమవారం సాయంత్రం ఇల్లు చేరేసరికి పెరడంతా బురద. అంత బురద ఎందుకయిందో అమ్మ చెప్పింది. నీకు ఆఖరి స్నానం చేయించేటప్పుడు, నువ్వు నీళ్లు పోసి పెంచిన వాళ్లంతా ఎవరింటి నుంచి వాళ్లు ఒక్కో బిందె తెచ్చారట. ఎవరూ చెప్పలేదట, పిలవలేదట. గెడ్డాలు పెరిగిన మగవాళ్లు కూడా చేపల వేట మానేసి బిందెలు మోసుకొచ్చారట. ఊరంతా నీకు నీళ్లు పోసింది. నేను ఆ బురదలో నిలబడ్డాను, అంతే.

పరీక్ష పాసయ్యాను. మంచి మార్కులే వచ్చాయి. అలా వచ్చినవాళ్లలో కొందరిని పరీక్ష పెట్టినవాళ్లే పది రోజులు జపాను చూపిస్తామని పిలిచారు. ఆ ఉత్తరం వచ్చిన రోజు అమ్మ వీధంతా చెప్పింది. నేను మాత్రం కాగు దగ్గరికి వచ్చి కూర్చున్నాను. ఏ పరీక్ష వల్ల నీకు దూరమయ్యానో అదే నన్ను పిలిచింది. వెళ్లాలా? నువ్వుంటే ఏమనేదానివి? "ఎల్లవే, నీల్లు సూసి రా" అని ఉంటావు. అలా అనుకునే వెళ్లాను.

చివరి రెండు రోజులు మమ్మల్ని కొండల్లో ఒక పాతకాలపు సత్రానికి తీసుకెళ్లారు. చుట్టూ మంచు. మంచు గురించి ఎన్ని మాటలు చదివానో, చూసినప్పుడు ఒక్కటీ గుర్తు రాలేదు. చెక్క ఇల్లు, కాగితం అంటించిన జరుపుడు తలుపులు. గుమ్మంలోనే చెప్పులు విప్పించారు. గదిలో మంచాలు లేవు, నేలంతా చాపలే. గడ్డి వాసన వేసే మెత్తటి చాపలు. భోజనాలయ్యాక వాళ్లే వచ్చి పరుపులు నేల మీదే పరుస్తారట. హాస్టల్లో మంచం మీద పడుకుంటానని చెబితే "కింద పడతావేమోనే" అని బెంగపడ్డావు కదా. ఇక్కడ నీకు ఆ బెంగ ఉండేది కాదు.

ఆ సత్రానికి అంత పేరు ఎందుకంటే, అమ్మమ్మా, అక్కడ నీళ్లు భూమిలోనే కాగి పైకి వస్తాయి. పుల్లలు లేవు, పొగ లేదు. కొబ్బరి మట్టలు ఏరుకోనక్కర్లేదు. రాళ్లు పేర్చిన పెద్ద తొట్టిలోకి వేడినీళ్లు తమంతట తామే వచ్చి పడుతుంటాయి. ఉడకబెట్టిన గుడ్డు వాసన. ఊళ్లో వాళ్లకీ, వచ్చినవాళ్లకీ అందరికీ అదే స్నానం. ఆడవాళ్లకు వేరుగా, మగవాళ్లకు వేరుగా.

సాయంత్రం నాలుగింటికి మా టీచరుగారు స్నానానికి వెళ్లమన్నారు. మా గదిలో ఉన్న కేరళ అమ్మాయి దుప్పటి ముసుగేసుకుని రానంది. ఒంటి మీద నూలుపోగు లేకుండా వెళ్లాలని దానికి తెలుసు. నాకూ తెలుసు. పాఠంలో చదివాను. అయినా నా చేతులు వాటంతటవే లంగాను ఛాతీ మీదికి లాగి ముడి వేసేశాయి. బావి దగ్గర ఇన్నేళ్లు వేసిన ముడి కదా.

లోపల ఒక ముసలావిడ తప్ప ఎవరూ లేరు. నీ వయసే ఉంటుంది. నీకన్నా వంగిపోయింది. ఆ ఊరావిడే, రోజూ ఆ వేళకు వస్తుందట. నన్ను చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను తొట్టి గట్టు మీద నిలబడి, అక్కడున్న చెక్క బకెట్టుతో నీళ్లు ముంచుకుని పోసుకోవడం మొదలుపెట్టాను. ఒకటి, రెండు, పది... దిగను. ఎలా దిగుతాను? "నీల్లల్లో కూకోకు. నీల్లు నీ మీద పడాల" అని నువ్వే కదా నేర్పావు. పదిమంది కూర్చునే నీళ్లు మనకు నీళ్లెలా అవుతాయి?

ఆవిడ కాసేపు చూసింది. తర్వాత ఒక చిన్న పీట లాగి, కూర్చోమని తట్టి చూపించింది. కూర్చున్నాను. నా లంగా ముడి వైపు చూసి చెయ్యి ఆడించింది. కోపంగా కాదు. నువ్వు పిల్లల చొక్కా గుండీలు విప్పేటప్పుడు ఉండే తొందర ఉందే, అలా. ముడి విప్పేశాను. ఆవిడ నా వెనక కూర్చుని వీపు రుద్దింది. ఒకరి వీపు ఒకరు తోముకోవడం వాళ్ల పాతకాలపు పద్ధతి అని తర్వాత తెలిసింది. రుద్ది, బకెట్టు ఎత్తి, భుజాల మీద నుంచి నెమ్మదిగా నీళ్లు పోసింది.

నువ్వు నాకు చివరిసారి నీళ్లు పోసింది నాకు ఆరేళ్లప్పుడట, అమ్మ చెప్పింది. ఆ తర్వాత ఇంకొకరి చేతి నీళ్లు నా మీద పడడం అదే...

అప్పుడు ఆవిడ నాకు వీపు తిప్పి కూర్చుంది. ఇప్పుడు నా వంతు.

భయమేసింది అమ్మమ్మా. నవ్వకు. జపాను దేశంలో, ముక్కూ మొహం తెలియని ముసలావిడ వీపు ముందు, బకెట్టు ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయాను. వెన్నెముక పూసలు ఒక్కొక్కటి కనిపిస్తున్నాయి. నీకు అలాగే కనిపించేవి.

నీళ్లు ముంచాను. ఆ తొట్టిలోవి బాలింత వేడి కన్నా ఒక పిసరు ఎక్కువే. కుళాయి తిప్పి బకెట్టులో కాస్త చన్నీళ్లు కలిపి, ఏమీ ఆలోచించకుండా మోచెయ్యి ముంచి చూశాను. ఆవిడ తల తిప్పి చూసింది. నా మోచెయ్యి నొప్పి పుడుతోందనుకుంది. ఆ నీళ్లు కీళ్ల నొప్పులకు మంచివట. నా చెయ్యి పట్టుకుని, మోచెయ్యి దాకా తొట్టిలో ముంచి, పైనుంచి ఒత్తడం మొదలుపెట్టింది. కాదు కాదు అంటే వినదు. నేర్చుకున్న జపనీస్ అంతా ఏమైపోయిందో, ఒక్క ముక్క రాలేదు. చివరికి చంకలో బిడ్డను ఊపుతున్నట్టు చేసి చూపించాను. ఆవిడ నా పొట్ట వైపు అనుమానంగా చూసింది. నువ్వుంటే ఆ పూటంతా నవ్వేదానివి.

నాకూ నవ్వొచ్చింది, ఆ నవ్వుతో భయం పోయింది. మళ్లీ నీళ్లు కలిపాను. మళ్లీ చూశాను. ముసలి వేడి. మెడ దగ్గర మొదలుపెట్టి, నువ్వు చెప్పినట్టే ధార తెగకుండా పోశాను. "గుమ్మరించకు. గుమ్మరిత్తే ఒల్లు బెదిరిపోద్ది. నీల్లు దారి సూసుకుంటాయి, నువ్వు తొందరపడకు." ఆవిడ భుజాలు నెమ్మదిగా కిందికి దిగాయి. ఏదో అంది. అందులో నాకు అర్థమైంది ఒక్క మాటే. యు. మంచి యు అని.

అక్కడితో ఆగాల్సింది. నా చెయ్యి ఆగలేదు. చివరి బకెట్టు ఎత్తి ఆవిడ తల చుట్టూ మూడుసార్లు తిప్పి పక్కకు విసిరికొట్టాను. సరిగ్గా అప్పుడే తలుపు జరిపి లోపలికి వస్తున్న మా టీచరుగారి పాదాల మీద, చేతిలోని పొడి తువ్వాలు మీద పడ్డాయి ఆ నీళ్లు. టీచరుగారు అలాగే నిలబడిపోయారు. ముసలావిడ ఇదేమిటన్నట్టు నా వైపు చూసింది.

చెప్పక తప్పలేదు. తెలుగులోనే చెప్పాను. నీ మాటల్లోనే చెప్పాను. సేపలాగ ఈదు. సరుగుడు సెట్టులాగ... ఆవిడ ఇంకా ఎదగడమేమిటో నాకే తెలియదు. ఆవిడ చేతులు ఒళ్లో పెట్టుకుని శ్రద్ధగా విని, తల వంచి దణ్ణం పెట్టింది. నాకు దణ్ణం పెట్టిందా, నీకు పెట్టిందా?

తర్వాత ఆవిడ చెయ్యి పట్టుకుని తొట్టిలోకి దిగాను. నీ మాట తప్పాను, కోపగించుకోకు. మెడ దాకా వేడినీళ్లు, పైన ముఖం మీద మంచు గాలి. వేడినీళ్లలో ఒక సౌకర్యం ఉంది. ముఖం ఎందుకు తడిసిందో ఎవరూ అడగరు. ఆ బురదలో నిలబడినప్పుడు రాని ఏడుపు అక్కడ వచ్చింది. ఆవిడ కళ్లు మూసుకుని ఏదో పాట కూనిరాగం తీస్తూ కూర్చుంది. అంతసేపూ నా చెయ్యి వదల్లేదు.

రాత్రి భోజనంలో చేపను తలతో సహా వడ్డించారు. మిగతావాళ్లు ఇబ్బంది పడ్డారు. నేను ముల్లు కూడా మిగల్చలేదు. నీ పరువు నిలబెట్టాను.

మర్నాడు పొద్దున్న బస్సు ఎక్కే ముందు ఆవిడ దారి మీద కనిపించింది, తన ఇంటి ముందు మంచు ఊడుస్తూ. పరుగెత్తుకెళ్లాను. నాకేమో కోటు, టోపీ, మెడకు మఫ్లరు... ఆవిడ నన్ను పోల్చుకోలేదు. దారినపోయే వాళ్లందరికీ ఊపినట్టే తల ఊపి, మళ్లీ చీపురు పట్టుకుంది. నేనెవరినో చెప్పడానికి నోరు తెరిచాను. తెరిచి ఊరుకున్నాను.

బస్సులో కూర్చున్నాక నవ్వొచ్చింది. మరిచిపోయిందంటే బాగా పోసినట్టే కదా, అమ్మమ్మా?

ఇదీ సంగతి. వచ్చి నాలుగు రోజులైంది. పలాసలో రైలు దిగి ఆటోలో వస్తుంటే జీడితోటల మధ్య నుంచి గాలి కొట్టింది. అప్పటికే నాకు తెలిసిపోయింది. ఇంటికి రాగానే వదినకు పోస్తానని చెప్పేశాను. వదిన ఏమీ ఆశ్చర్యపోలేదు. అసలు నేను కాదని ఎప్పుడన్నాననే దాని ధోరణి.

నీకు నేను నీళ్లు పోయలేదు. అది అలాగే ఉంటుంది. ఎవరి వీపు మీద ఎన్ని నీళ్లు పోసినా అది మారదని తెలుసు. కానీ ఊరంతా నీ చుట్టూ బిందెలతో నిలబడిన రోజు నువ్వు నా కోసం వెతికి ఉండవు. పరీక్ష రాసేసి రమ్మన్నది నువ్వే. రైలు ఎక్కేటప్పుడు నేను నీ మాట విన్నానో, నా స్వార్థం విన్నానో ఇప్పటికీ తేల్చుకోలేను. తేల్చుకోకపోయినా రేపు పొద్దున్న నీళ్లు కాగాలి.

నువ్వు నాకిచ్చినవి లెక్కపెట్టలేను గానీ, ఒకటి మాత్రం రాయకుండా ఉండలేను. ఇంత దూరం పోయి ఎన్నో మాటలు నేర్చుకున్నాను. ఆవిడ వీపు ముందు పనికొచ్చినవి మాత్రం నీళ్ల వేడికి నువ్వు చెప్పిన మూడు మాటలే.

ఇందాక రాయడం ఆపి, బోర్లించిన కాగును తిప్పి కొబ్బరి పీచుతో తోమాను. అడుగున నీ చేతి మసి ఇంకా ఉంది. దాన్ని పూర్తిగా పోనివ్వలేదు. రేపు తెల్లవారాక సరుగుడు పుల్లలతో పొయ్యి వెలిగిస్తాను. వదినకు బాలింత వేడి. చిన్నదానికి బిడ్డ వేడి. మోచేత్తో రెండుసార్లు చూస్తాను. చివరి చెంబు మూడుసార్లు తిప్పి, పక్కన ఎవరూ లేకుండా చూసుకుని, పారబోస్తాను. నీ మాటలు ఒక్కటీ వదలకుండా చెబుతాను. నన్ను మరిచిపో అని కూడా.

నీ లెక్క ప్రకారం నిన్ను గుర్తుపెట్టుకోకూడదు కదా నేను. నువ్వు పోసిన నీళ్లు నాకు గుర్తులేవు. ఎంత ఆలోచించినా ఒక్క చెంబు గుర్తు రాదు. బాగా పోశావు.

నువ్వు గుర్తున్నావు, అంతే.

నీ నీళ్లతో పెరిగిన
గుంట